నోటిమాటకే ఒట్టు

కృష్ణగిరి,
తమిళనాడు,
ఏప్రిల్ రెండో వారం.

చి.ల.సౌ. భువనకు, మంజులమ్మ రాయునది.

విషయం: ఉద్దనపల్లిలో బడికి పోని పిల్లల సర్వే – కావ్యశ్రీ, తండ్రి పేరు తిలక్ – వివరణ కోరడం గురించి.
సూచిక: రక్షిత్ పెళ్లిలో మన ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేస్తున్నాను. మా చిన్నాయన మనవడు రక్షిత్ పెళ్లిలో, భోజనాల పంక్తిలో, అందరూ వింటూ ఉండగా నేను "ఇంక నీతో నోటిమాట లేదు, ఒట్టు" అన్నాను. ఆ ఒట్టు ఈరోజుకీ అమల్లో ఉంది. అయితే అది నోటిమాటకే. రాతకు వర్తించదు. వాట్సాప్ కూడా రాతే గదక్కా అని మా తమ్ముడు, అంటే మీ ఆయన, నాకు సలహా ఇచ్చాడు. వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి నీ చెల్లెళ్లందరూ చదువుతారు. అందుకే స్టాంపు అతికించాను.

ఇక సంగతికి వస్తాను. బడి బయట ఉన్న పిల్లల జాబితా ఏటా ఈ నెలలో మా విద్యాశాఖ ఆఫీసుకు వస్తుంది. నేను సూపరింటెండెంట్‌ను కాబట్టి అది నా బల్ల మీదికే వస్తుంది. మీ ఊరి జాబితాలో మూడో పేరు నా తమ్ముడి కూతురిది. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. అప్పుడూ అదే పేరు ఉంది. వయసు పది. బడి మానేసి ఏడాదిన్నర. కారణం అన్నచోట "పిల్లకు మాట రాదు" అని ఉంది.

హోసూరు బడి మాన్పించావని తెలుసు. మన గొడవే దాని గురించి. అయితే వేరే బడిలో వేసి ఉంటారనుకున్నాను. తమ్ముణ్ణి అడిగితే "చదువుకుంటా ఉందక్కా" అన్నాడు. యాడ అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. పిల్ల ఏ బడిలోనూ లేకపోతే ఎందుకు లేదో, ఇంట్లో ఉండి ఏం చేస్తోందో రాసి పంపగలవు.

ఇది నోటీసు కాదు. నోటీసయితే సీలు ఉంటుంది, చివర ఆశీస్సులు ఉండవు.

ఆశీస్సులతో,
మంజులమ్మ,
సూపరింటెండెంట్.

తా.క. మా నాయనకు బీపీ మాత్ర రాత్రి కాదు, పొద్దున వేయాలి.

*

ఉద్దనపల్లి,
ఏప్రిల్ ఆఖరు.

వదినగారికి భువన నమస్కారాలు.

విషయం: మీరు రాసినదే.
సూచిక: అదే పెళ్లి.

మామకు మాత్ర పొద్దునే వేస్తున్నాను. పెళ్లికి ముందు నుంచీ పొద్దునే వేస్తున్నాను.

మీ సర్వేకు వచ్చిన అమ్మాయి పేరు రేణు. ఎండన పడి నడిచి వచ్చింది, పాపం, మజ్జిగ ఇచ్చాను. తాగి, కావ్యను "ఏమ్మా, ఏ బడికి పోతాండావు?" అని అడిగింది. కావ్య వసారాలో స్తంభం పట్టుకుని నిలబడింది. "నీ పేరేమి?" అంది. కావ్య స్తంభం వదల్లేదు. "మాట రాదా అక్కా?" అని నన్ను అడిగింది. వస్తుంది, కొత్తవాళ్లతో మాట్లాడదు అన్నాను. ఆమె ఫారం తిప్పి తిప్పి చూసింది. అందులో మాట వస్తుందా, రాదా అని రెండే గళ్లట. "వస్తుంది, కానీ" అని రాసేందుకు చోటు లేదట. ఉన్న రెండింట్లో ఒకటి టిక్కు పెట్టి, మజ్జిగ బాగుందక్కా అని చెప్పి పోయింది. నా కూతురు మూగది అయిపోయింది.

కావ్య ఇంట్లోనే చదువుకుంటోంది. నేను బీఎస్సీ చదివిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, సంబంధం చూసింది మీరే. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలకు చదువు హక్కు అని చట్టం చేశారు. హక్కు పిల్లది. పిల్ల చదువుకుంటోంది. ఇంట్లో చదివించకూడదని ఏ సెక్షనులో ఉందో చెప్పండి, దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాను. మీరు మా ఇంట్లో మాట్లాడేది గోడతోనే గదా. ఉగాదికి వచ్చి "ఓ గోడా, ఈ పులిహోరలో ఉప్పు తక్కువ" అన్నారు. గోడ నాకు చెప్పింది.

ఇంకొకటి. సూచికలో మీరన్నది రాశారు, నేనన్నది రాయలేదు. "మీకు పిల్లలంటే రిజిస్టరులో నంబర్లు" అన్నాను. ఇప్పుడు మీ జాబితాలో నా కూతురు మూడో నంబరు. ఆ మాట వెనక్కి తీసుకునే వీలు మీరు నాకు కల్పించడం లేదు.

ఇట్లు,
భువన.

*

కృష్ణగిరి,
మే రెండో వారం.

భువనకు,

విషయం: సెక్షను.
సూచిక: నీ ఉత్తరం.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. పదో సెక్షను. పిల్లను దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని ఉంది. ఫ్రేము కట్టించుకో. అయితే చేర్చకపోతే వాళ్లను ఏం చేయాలో ఆ సెక్షనులో లేదు. దాని పైనా లేదు, కిందా లేదు. ఇంగ్లీషులో చూశాను, తమిళంలో చూశాను. ఇంట్లో చదివించవద్దని చట్టంలో ఎక్కడా లేదు. చదివించవచ్చని కూడా ఎక్కడా లేదు. వద్దనీ సరేననీ లేని చోట ఏం జరుగుతుందో ఇన్నేళ్ల ఉద్యోగంలో చూశాను. ఆరోజు మీ వాకిట్లోకి ఎవరు వస్తే వాళ్ల మనసెట్లా ఉంటే అట్లా జరుగుతుంది.

పిల్లకు పద్నాలుగు నిండితే ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాసుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిక్కంతా అప్పటిదాకా ఉన్న నాలుగేళ్లతోనే. జూన్‌లో బడులు తెరిచాక మా ఆఫీసు నుంచి ఒక మనిషి మీ ఇంటికి వచ్చి పిల్లను పరీక్షిస్తారు. వయసుకు తగ్గ చదువు కనపడితే "ఇంట్లో చదువుకుంటోంది, ఏటా చూడాలి" అని రాస్తే సరిపోతుంది. మా ఆఫీసరు అందుకు ఒప్పుకుంటారు. ఎవరి పిల్లో చెప్పకుండా అడిగి తెలుసుకున్నాను. కనపడకపోతే దగ్గరి బడిలో పేరు రాస్తారు. మాట రాదన్న టిక్కు అట్లాగే ఉంటే ప్రత్యేక శిక్షణ కేంద్రంలో వేస్తారు. రోజూ పొద్దున వ్యాను వస్తుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుతాను. ఇది ఆఫీసు ప్రశ్న కాదు. ఉగాదికి వచ్చినప్పుడు కావ్య నాతో పలకలేదు. తల్లి పక్షం తీసుకుంది, పోనీలే అనుకున్నాను. ఇప్పుడు ఈ జాబితా చూశాక నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఆ హోసూరు బడిలో సీటు ఇప్పించింది నేను. ఎవరెవరికో ఫోన్లు చేసి ఇప్పించాను. నువ్వు నాకు ఒక్క మాట చెప్పకుండా మాన్పించావు. ఆ కోపం నాకు ఇంకా ఉంది, దాచుకోను. అయితే ఎందుకు మాన్పించావని నేను అడగలేదు. తిట్టాను, అంతే. ఇప్పుడు అడుగుతున్నాను.

పిల్లకు ఏమైంది?

మంజులమ్మ.

తా.క. ఆఫీసంతా మామిడిపండ్ల వాసన. ఫైళ్లు కదలడం లేదు. మీ మామకు పంపిన బుట్టలో కింది వరుస పండ్లు ముందు తినమను.

*

ఉద్దనపల్లి,
మే ఆఖరు.

వదినా,

మీరు చివర్లో అడిగింది ఆఫీసు ప్రశ్న కాదన్నారు. అందుకని విషయం, సూచిక రాయడం లేదు.

ఆ బడిలో తెలుగు మాట్లాడితే పేరు బోర్డు మీద రాసేవాళ్లు. తమిళం మాట్లాడినా, కన్నడం మాట్లాడినా రాసేవాళ్లు, ఆ విషయంలో పక్షపాతం లేదు. ఇంగ్లీషు తప్పుగా మాట్లాడితే బోర్డు మీద రాయరు, పిల్లలు నవ్వుతారు. కావ్య అన్నీ ఆలోచించుకున్నట్టుంది. నోరు మూసుకుంటే బోర్డూ లేదు, నవ్వూ లేదు. క్లాసులో మానేసింది. టీచరు మెచ్చుకుని "బుద్ధిమంతురాలు, నిశ్శబ్దంగా ఉంటుంది" అని డైరీలో నక్షత్రం అతికించింది. నేనూ ఆ నక్షత్రం చూసి మురిసిపోయాను వదినా. మామకు కూడా చూపించాను.

తర్వాత వ్యానులో మానేసింది. దసరా సెలవులకు ఇంట్లో కూడా మానేసింది. అన్నం కావాలంటే పళ్లెం చూపించేది. హోసూరులో డాక్టరుకు చూపిస్తే గొంతు నిక్షేపంగా ఉంది, భయపడింది, బలవంతం చేయొద్దన్నాడు. బలవంతం చేయలేదు, బడికి మాత్రం పంపుతూనే ఉన్నాను. ఒకరోజు గుమ్మంలో పడి మోకాలు చీరుకుపోయింది. రక్తం కారుతోంది. "అమ్మా" అనడానికి నోరు తెరిచింది. తెరిచి మూసేసింది. అటూ ఇటూ చూసి మూసేసింది, మన ఇంట్లో, నా ముందర. ఆరోజుతో బడి అయిపోయింది. మీకు ఫోను చేద్దామనుకున్నాను. సీటు కోసం అంతమందిని అడిగిన మనిషికి ఏమని చెప్పాలో తెలియలేదు. ఇంతలో మీకే ఎవరో చెప్పారు, రక్షిత్ పెళ్లి వచ్చింది.

ఆ తర్వాత మూడు నెలలు పట్టింది. మన పాలీహౌస్‌లో, ప్లాస్టిక్ పట్టా పందిరి కింద, గులాబీలు కట్టలు కడుతున్నాం. ఎదురుగా కూర్చుని చూస్తున్నది ఉన్నట్టుండి "అమ్మా, దీంట్లో ఒకటి తక్కువ ఉండాది" అంది. కట్టకు ఇరవై పూలు ఉండాలి. లెక్కపెడితే పందొమ్మిదే ఉన్నాయి. ఆ కట్టను మార్కెట్టుకు పంపలేదు. రేకులు రాలిపోయేదాకా నా మంచం పక్కనే పెట్టుకున్నాను. మీ తమ్ముడు ఏమిటా చెత్త అన్నాడు. చెప్పలేదు.

ఇప్పుడు ఇంట్లో బాగా మాట్లాడుతుంది. అప్పుడప్పుడు కొంచెం ఊరుకోవే తల్లీ అనిపించేంత మాట్లాడుతుంది. పొద్దున లెక్కలు, సైన్సు నేను చెప్తాను. తమిళం, ఇంగ్లీషు మధ్యాహ్నం. మామకు తెలుగు పేపరు చదివి వినిపిస్తుంది, ఆయన ప్రతి వార్తకూ వ్యాఖ్యానం చేస్తారు, అది సాంఘిక శాస్త్రం. మాఘమాసంలో మన ఆవు ఈనింది. దూడకు గౌరి అని పేరు పెట్టి సాయంత్రం దానికి బడి నడుపుతుంది. పొద్దున నేను చెప్పిన పాఠం సాయంత్రం గౌరికి చెప్తుంది. గౌరి ఇప్పుడు భిన్నాలు నేర్చుకుంటోంది.

అయితే కొత్త మనిషి కనపడితే చాలు, ఆ స్తంభమే. జూన్‌లో మీ ఆఫీసు మనిషి వచ్చి ఎంత అడిగినా స్తంభం పట్టుకునే ఉంటుంది. చదువు లేదని రాసి, వ్యాను ఎక్కించి పంపిస్తే మళ్లీ పళ్లెం చూపిస్తుంది. ఈసారి తిరిగి మాట్లాడుతుందో లేదో. నాకు చాలా భయంగా ఉంది వదినా. మీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను?

భువన.

*

కృష్ణగిరి,
జూన్ మొదటి వారం.

భువనకు,

విషయం: కావ్యశ్రీ చదువు పరిశీలన.
సూచిక: నీ ఉత్తరం. చదివాను. మళ్లీ చదివాను.

వచ్చే మనిషిని నేనే.

ఆ పిల్ల నా తమ్ముడి కూతురు, వేరేవాళ్లను పంపండి అని ఆఫీసరుకు రాసిచ్చాను. ఆయన చదివి "మంచిదే మేడం, మీకైతే దారి తెలిసుంటుంది, జీపు కూడా లేదు" అన్నారు. అందుకని రేణును తోడు అడిగాను. ప్రశ్నలు రేణు అడుగుతుంది, మార్కులు రేణు వేస్తుంది, నేను చూసి సంతకం పెడతాను. తర్వాత ఎవరూ వేలు చూపించకూడదు.

పిల్ల చదివి వినిపించాలి, అడిగినదానికి నోటితో జవాబు చెప్పాలి. రాసి ఇస్తే తల్లి రాయించిందంటారు. నువ్వు పక్కన నిలబడి అందించకూడదు. నీతో నేను ఎలాగూ మాట్లాడను.

నీ మనసులో ఏముందో నాకు తెలుసు. నేను కృష్ణగిరిలో కుర్చీలో కూర్చునే అంతా సవ్యంగా ఉందని రాసి పంపవచ్చు గదా అని. రాయవచ్చు. ఎవరూ వచ్చి చూడరు. కానీ రాయను. పిల్లను చూడకుండా పేరు కొట్టేస్తే, నువ్వు పెళ్లిలో అన్న మాట నిజమవుతుంది. అది నిజం కాదని నాకు నేను చూపించుకోవాలి.

బుధవారం పది గంటల బస్సుకు దిగుతాం. నా కాఫీలో చక్కెర వద్దు.

మంజులమ్మ.

*

ఉద్దనపల్లి,
సోమవారం.

వదినా,

ఒక్క వాక్యం రాయడానికి మీ చేతికి ఏం వచ్చింది? మీకు నిజం కావాలి. నాకు పిల్ల కావాలి. నేను తప్పు రాయమనలేదు. అది చదువుకుంటోందన్నది నిజమే గదా. ఆ నిజం రాయడానికి దాని చేత నోరు తెరిపించి చూడాలా? గుర్రాన్ని కొనేవాళ్లు చూస్తారు పళ్లు అట్లా.

మీ తమ్ముణ్ణి మీతో మాట్లాడమన్నాను. "మీ ఇద్దరి మధ్యకు నన్ను లాగొద్దండమ్మా, నాకు మార్కెట్టు ఉండాది" అని హోసూరు పోయాడు. బుధవారం కూడా ఆయనకు మార్కెట్టు ఉందట.

రండి. కాఫీ చేసి పెడతాను. ఎవరికి పెట్టానో గోడను అడిగి తెలుసుకోండి.

భువన.

*

కృష్ణగిరి,
గురువారం.

భువనకు,

విషయం: నిన్న జరిగినది.
సూచిక: నువ్వు తలుపు వేసుకోవడం.

నువ్వు మధ్యలో లోపలికి పోయి గొళ్లెం వేసుకున్నావు కాబట్టి తర్వాత జరిగింది నీకు తెలియదు. తెలియజేయడం నా విధి.

నువ్వు ఉన్నంతసేపూ చూసిందే. రేణు మెల్లగానే అడిగింది. పేరడిగింది, ఊరడిగింది, "ఈ పాఠం చదువమ్మా, నీకిష్టమైనంత చదువు చాలు" అంది. పిల్ల స్తంభం పట్టుకుని నేల చూస్తోంది. రేణు నా వైపు చూసింది. నేను ఫారం వైపు చూశాను. అప్పుడే నువ్వు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయావు. గొళ్లెం చప్పుడు వినపడింది.

నాకు నోరు ఎండిపోయింది. రేణు పెన్ను మూత తీసింది. ఏం రాస్తుందో నాకు తెలుసు. వద్దనలేను. కాసిని నీళ్లు తాగితే బాగుండుననిపించింది. నిన్ను అడగకూడదు, నువ్వు ఎదుట కూడా లేవు. గోడ దూరంగా ఉంది, దూడ దగ్గరగా ఉంది. "గౌరీ, ఈ ఇంట్లో ఎవరన్నా చెంబుడు నీళ్లిస్తారేమో అడగవే" అన్నాను. ఇందులో కొత్తేమీ లేదు, మన ఇంటి పద్ధతే. పొలం గట్టు తగాదా తర్వాత మా నాయనా, మా చిన్నాయనా ఏండ్ల తరబడి కాడెద్దు ద్వారానే మాట్లాడుకున్నారు. ఎద్దు చచ్చిపోయాక వేరే దారి లేక రాజీ పడ్డారు.

కావ్య స్తంభం వదిలి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. నా ముందు పెట్టింది. పెట్టి దూడ వైపు తిరిగింది.

"గౌరీ, నీళ్లు తెచ్చినానని అత్తకు చెప్పు" అంది.

ఏడాదిన్నర తర్వాత ఆ పిల్ల గొంతు విన్నాను భువనా. నీళ్లు తాగడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

తర్వాత నేను చెంబు కింద పెట్టి, "గౌరీ, ఏడెనిమిదులు ఎంతో ఈ పిల్లకు తెలుసేమో అడుగు" అన్నాను.

"గౌరీ, యాభై ఆరు. నీకు మొన్ననే చెప్పినాను గదా, మరిచిపోయినావా?" అంది.

రేణు పెన్ను పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది. "నువ్వూ అడుగు" అన్నాను. "ఎవురిని మేడం? దూడనా?" అంది. దూడనే అన్నాను. పాపం, బీఎడ్‌లో ఇది చెప్పి ఉండరు. ఫారం చంకలో పెట్టుకుని వచ్చి గౌరి ముందు గొంతుక్కూర్చుని, "గౌరిగారూ" అంది. గారు అక్కర్లేదన్నాను.

కట్టలో ఇరవై పూలు ఉంటే నాలుగో వంతు వాడిపోయాయి, ఎన్ని మిగులుతాయని రేణు అడిగింది. "గౌరీ, పదిహేను మిగుల్తాయి. అయితే వాడిపోయిన పూలుండే కట్టను నాయన మార్కెట్టుకు పంపడు. అందుకని ఒకటీ మిగలదు" అంది కావ్య. రేణు రెండు జవాబులకూ మార్కు వేసింది. నేను అడ్డు చెప్పలేదు.

తమిళ వాచకం ఇచ్చింది. కావ్య ఒక పేజీ తడుముకోకుండా చదివింది. చదివి పుస్తకం దించి, "దీనికి తమిళం రాదు పాపం" అని, చదివిందంతా దూడకు తెలుగులో విడమరిచి చెప్పింది. కాకి దాహం తీర్చుకున్న విధం, రాళ్లు వేస్తే నీళ్లు ఎందుకు పైకి వస్తాయో కూడా చెప్పింది. గౌరి మధ్యలో మూతి తిప్పుకుంటే "ఈడ చూడు" అని గదిమింది. అచ్చం మా నాయనే.

ఫారం చివర పిల్ల ఏమైనా అడగదలచుకుంటే అడగమని ఉంటుంది. ఎవరూ ఏమీ అడగరు, గీత గీసేస్తాం. రేణు పద్ధతి ప్రకారం అడిగింది. కావ్య కాసేపు దూడ మెడ గోకింది.

"గౌరీ, అత్త అమ్మతో ఎందుకు మాట్లాడదో అడుగు" అంది.

దూడ నన్ను చూసింది. రేణు నన్ను చూసింది. నేను బస్సుకు టైమైందన్నాను. బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. స్టాపులో కూర్చున్నాం. రేణు నన్ను ఏమీ అడగలేదు, మంచి పిల్ల.

ఆఫీసులో రాసింది ఇది: "కావ్యశ్రీ వయసుకు తగిన చదువును ఇంటివద్ద పొందుచున్నది. తెలుగు, తమిళము చదివి అర్థము చెప్పినది. లెక్కలు సరిగా చేసినది. మాట రాదన్నది పొరపాటు, కొట్టివేయడమైనది. ఏటా పరిశీలించవలెను." జవాబులు ఎవరికి చెప్పింది అన్న గడి ఫారంలో లేదు, అందుకని రాయలేదు. ఆఫీసరుకు మాత్రం నోటితో అంతా చెప్పాను. ఆయన "దూడకు మార్కులు వేయలేదు గదా మేడం?" అన్నారు. లేదన్నాను. సంతకం పెట్టారు.

వచ్చే జూన్ దాకా మీ ఇంటికి వ్యాను రాదు.

మంజులమ్మ.

*

ఉద్దనపల్లి,
జూన్ ఆఖరు.

వదినా,

గొళ్లెం వేసుకున్నానే గానీ తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. మీరు రాసిందంతా అప్పుడే విన్నాను. అయినా మీ ఉత్తరం చదివాను, మామకు చదివి వినిపించాను, మీ తమ్ముడికి వినిపించాను. ఆయన నీళ్ల చెంబు దాకా వచ్చేసరికి మార్కెట్టు ఉందని లేచి పోయాడు. సాయంత్రం ఆరు గంటలకు ఏం మార్కెట్టు?

పిల్ల తమిళం చదువుతున్నంతసేపూ గొళ్లెం మీద చెయ్యి వేసుకునే ఉన్నాను. తీయలేదు. తీస్తే ఆగిపోతుందేమో అని. వచ్చి చూసేసరికి మీరు లేరు. కాఫీ చల్లారిపోయి అట్లాగే ఉంది.

వదినా, పెళ్లిలో నేనన్నది తప్పు. నంబరయితే మీరు కృష్ణగిరిలోనే కొట్టేసేవాళ్లు. మీరు బస్సెక్కి వచ్చారు. నేను అంత కోపంగా రాసినా వచ్చారు. ఆ ఒక్క వాక్యం మీరు అప్పుడే రాసి పంపి ఉంటే, నా కూతురు కొత్త మనిషి ముందు నోరు తెరవగలదని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. స్తంభం దగ్గరే పెద్దదయ్యేది.

రేణు శనివారం మళ్లీ వచ్చింది. ఆరోజు గొడుగు మరిచిపోయిందట. నేను పాలీహౌస్‌లో ఉన్నాను, పట్టా సందులోంచి చూస్తున్నాను. కావ్య లోపలికి పోయి గొడుగు తెచ్చింది. "ఇదో అక్కా" అంది. గౌరి ఆడ లేదు వదినా, మామ మేతకు తోలుకుపోయారు. రేణుకే చెప్పింది, ముఖం చూసి చెప్పింది. రేణు గొడుగు తీసుకుని అక్కడే నిలబడి ఏడ్చింది. మజ్జిగ ఇచ్చాను.

మీరు ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండా పోయారు. కావ్య రోజూ సాయంత్రం బడి మొదలుపెట్టే ముందు "అత్త చెప్పిందా?" అని గౌరిని అడుగుతోంది. అది తల ఊపుతుంది, ఈగల కోసం. కావ్య నా దగ్గరికి వచ్చి "ఇంకా చెప్పలేదంటమ్మా" అంటుంది.

దానికి ఏం చెప్పమంటారు?

మీ భువన.

*

కృష్ణగిరి,
జూలై మొదటి వారం.

భువనా,

విషయం: జవాబు.
సూచిక: కావ్యశ్రీ ప్రశ్న.

ఒట్టు గురించి ఆలోచించాను. వేసుకున్న ఒట్టు తీసేయవచ్చని ఎక్కడా లేదు. తీయకూడదని కూడా ఎక్కడా లేదు. ఇట్లాంటి చోట ఏం జరుగుతుందో నీకు మేలో రాశాను.

ఆదివారం సాయంత్రం ఐదింటికి నీ నంబరుకు ఫోను చేస్తాను. నాకు గౌరితో మాట్లాడాలి. పిల్ల అడిగినదానికి జవాబు దానికే చెప్తాను. అత్తకు కోపం వచ్చింది, కోపం ఎప్పుడో పోయింది, ఒట్టు మాత్రం మిగిలిపోయింది, దాన్ని ఏం చేయాలో అత్తకు తెలియలేదు అని చెప్తాను. ఇంకా చాలా ఉన్నాయి.

దూడ చెవి దగ్గర ఫోను పట్టుకోవడానికి మనిషి కావాలి. కావ్య చేతులు చిన్నవి, జారిపోతుంది. తమ్ముడికి మార్కెట్టు ఉంటుంది. నువ్వే పట్టుకో.

స్పీకరు పెట్టొద్దు. దూడ బెదురుతుంది. మధ్యలో అది తల విదిలించి, ఫోను వచ్చి నీ చెవికి ఆనుకుంటే నేను గమనించను. మాట్లాడుతూనే ఉంటాను.

నీ వదిన,
మంజుల.